వాగవతలి నల్లా

మా మండలానికి ఉత్తరాన అడవి, తూర్పున అడవి, పడమట అడవి, దక్షిణాన ఆసిఫాబాద్ పోయే రోడ్డు ఉన్నాయి. ఈ వాక్యం నేను రాసిందే. ఏటా జిల్లా వాళ్లు అచ్చువేసే సమాచార పుస్తకంలో మా మండలం పేజీ ఇట్లాగే మొదలవుతుంది. ఆ పుస్తకాన్ని ఎవరూ చదవరు. నేను మాత్రం చదువుతాను, నా వాక్యాన్ని ఎవరైనా కదిలించారేమోనని.

మాది కరీంనగర్ వైపు వరి పండే పల్లె. ఎటు చూసినా చదును. గణాంకాల విభాగంలో ఉద్యోగం వచ్చేసరికి పాత ఆదిలాబాద్ జిల్లా నాలుగు ముక్కలై ఉంది. అందులో గుట్టలు ఎక్కువున్న ముక్క నాకు దొరికింది. "కొత్త జిల్లా, కొత్త ఆఫీసు, మంచిగ ఎదుగుతవ్ బిడ్డా" అన్నాడు మా బాపు. కొత్త ఆఫీసు అంటే పాత ఎరువుల గోదాము. వాన పడితే ఇప్పటికీ యూరియా వాసన వస్తుంది. జిల్లాలు విడదీసినప్పుడు ఫైళ్లు కూడా పంచారు. మావి కొన్ని పక్క జిల్లాకు పోయాయి, పక్క జిల్లావి కొన్ని మాకు వచ్చాయి. వాళ్లవి ఇవ్వమని వాళ్లు ఉత్తరం రాశారు, మావి ఇవ్వమని మేమూ రాశాం. రెండు ఉత్తరాలూ భద్రంగా ఉన్నాయి.

నా పని ఊళ్లను రాయడం. పెద్ద కాగితం మీద గడులుంటాయి. ఊరి పేరు, ఇళ్లు, జనం, రోడ్డు ఎంత దూరం, బడి ఎంత దూరం, తాగునీళ్లు ఎంత దూరం. జనం దగ్గర గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ, తెలుగు అన్నీ ఉన్నాయి కానీ భాషకు గడి ఒక్కటే ఉంది. నాకంటే ముందున్నాయన పోయినేడు రాసింది చూసి ఈయేడు రాసేవాడు. నేను అట్లాంటిదాన్ని కాదు. ఖాళీ గడి కనబడితే నాకు అన్నం సహించదు. ఊళ్లకు ఫోన్లు చేసి, పంచాయతీ వాళ్లను సతాయించి, ప్రతి గడీ నింపేదాన్ని. నేను వచ్చాక ఆఫీసు బాగుపడిందని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ ఉన్నట్టు కనబడలేదు.

ఒకసారి పాత మూటలు సర్దుతుంటే ఒక దరఖాస్తు దొరికింది. జిల్లా ముక్కలు కాకముందు పెట్టింది. వాగు పక్కన ఉన్న ఒక గోండు గూడెం వాళ్లు ఎవరితోనో రాయించుకున్నారు. వానాకాలం వాగు నీళ్లు తాగి పిల్లలకు వాంతులు, విరేచనాలు అవుతున్నాయి, దయచేసి ఒక ట్యాంకు కట్టించి నల్లాలు పెట్టించగలరు అని. దాని మీద ఏ సంతకమూ, ఏ ముద్రా పడలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ సరే అనలేదు, మూటలో కట్టి పెట్టారంతే.

నాకు కడుపు మండింది. ఇన్నేళ్లు ఒక ఊరికి జవాబు చెప్పకుండా ఎట్లా ఉన్నారు వీళ్లు అనుకున్నాను. అప్పుడే గుట్ట మీది ఊళ్లకు బోరు వేసి, సోలార్ మోటారు పెట్టి, ట్యాంకు కట్టే పని ఒకటి నడుస్తోంది. ఆ దరఖాస్తుకు కొత్త కాగితం జతచేసి, నా చేత్తో నోట్ రాసి, అందరికంటే పైన పెట్టాను. ట్యాంకు ఎక్కడ కట్టాలో పటంలో చుక్క పెట్టాలి. పటం పాతది, అందులో ఊరు వాగుకు ఈవల ఉంది. అయినా అడిగి రాయడం నా పద్ధతి. బడి పంతులు దగ్గర ఊరి పటేల్ నంబరు తీసుకున్నాను. ఆ గూడేల్లో పటేల్ అంటే ఊరి పెద్ద, ఊరికి పేరు కూడా ఆయన తాతదే. సిగ్నల్ కోసం ఆయన గుట్టెక్కి మాట్లాడాడు.

"పటేల్, మీ ఊరు ఎక్కడుంది?"

"ఊరా? ఊరు ఉన్నకాడనే ఉన్నది బాయి." ఆడమనిషిని వాళ్లు బాయి అని పిలుస్తారు.

"ఎటూ మారలేదు కదా?"

"ఊరెట్ల మారుతది? నేను ఈడనే ఉన్న, మా దేవుడు ఈడనే ఉన్నడు. ఊరు గూడ ఈడనే ఉన్నది."

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు క్యాంపులు మారుతూ కూడా, ఎక్కడున్నావంటే ఉన్నకాడనే అంటాడు, నేనెప్పుడూ అనుమానపడలేదు. పాత పటం మీదే చుక్క పెట్టి పంపించాను. అంత తొందరగా కదిలిన ఫైలు మా ఆఫీసులో లేదు. పత్తి ఏరే రోజుల్లో ట్యాంకు పూర్తయిందని ఫోటో వచ్చింది. నీలం రంగు ట్యాంకు, కింద నాలుగు నల్లాలు, చుట్టూ నడుమెత్తు గడ్డి. మనుషులు ఎవరూ లేరు. అందరూ చేన్లకు పోయి ఉంటారనుకుని ఫోటోను ఫైల్లో అతికించి, ఈ ఊరికి నీళ్లున్నాయని నోట్ రాశాను. నాకు చాలా సంతోషంగా ఉండింది.

జిల్లా నుంచి ఇంకో ఫోటో అడిగారు, ఈసారి జనం నీళ్లు పట్టుకుంటూ ఉండాలట. నేనే పోయాను. జీపు నడిపే చాచాది ఆసిఫాబాద్. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, బండి మొరాయిస్తే రెండూ మాట్లాడతాడు. జైనూర్ వైపు రోడ్డు వదిలేసి, రాళ్ల దారిలో గంటసేపు ఎగిరి, ట్యాంకు దగ్గర దిగాం. నల్లా తిప్పాను. నీళ్లు ధారగా వచ్చాయి. చుట్టూ కూలిపోయిన మట్టి గోడలు, ఇప్పచెట్లు, గడ్డి. కోడి కూడా లేదు.

చాచా టోపీ తీసి తల గోక్కున్నాడు. "మేడం, ట్యాంకు ఉన్నది. ఊరు లేదు."

"ఉండాలే చాచా. పటేల్‌తో నేను మాట్లాడిన గద."

"మాట్లాడితే ఉంటదా? జర గటు సూడుండ్రి. వాగవతల పొగ లేస్తుంది."

వాగు దాటి, చేన్లల్లో నుంచి నడిచి పోయాం. అక్కడ ఉంది ఊరు. అలికిన గోడలు, వరుసగా ఇళ్లు, ఊరి మొదట్లో పాతిన కర్ర దేవుడు. ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమలు తవ్వుకుని, ఊరిన నీటిని చిప్పతో తోడి బిందెల్లో పోసుకుంటున్నారు. ఒక బిందె నిండేసరికి ఎండ నెత్తి మీది నుంచి భుజం మీదికి దిగింది. పటేల్ నులకమంచం వేసి కూర్చోమన్నాడు.

"ఊరు మారలేదన్నవ్ గద పటేల్!" అన్నాను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

"మారలే బాయి. జాగ మారింది."

ఆ గుట్టల్లో ఊరంటే నేల కాదు. పటేల్, ఆయన వెంట ఉన్న జనం, ఆ కర్ర దేవుడు, ఈ మూడూ కలిస్తే ఊరు. ఒకచోట కీడు సోకితే దేవుణ్ని పెకిలించుకుని ఇంకోచోట పాతుతారు. పేరు కూడా వెంటే వస్తుంది. సంతకు పోయి వచ్చినవాణ్ని నువ్వు మారిపోయావా అని అడిగితే ఏం చెబుతాడు? మారలేదనే కదా చెబుతాడు. పాపం ఆయనా అదే చెప్పాడు. ఇది అక్కడ బడి పిల్లలకు కూడా తెలిసిన సంగతి. డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఉద్యోగంలో చేరినదాన్ని నాకు తెలియదు.

మరి అంత పెద్ద ట్యాంకు కడుతుంటే ఎవరూ చూడలేదా అని అడిగాను. మిషన్ల చప్పుడు విన్నారట. ఫారెస్టోళ్లు కందకం తవ్వుతున్నారనుకుని, పశువులను కూడా ఆ వైపు తోలడం మానేశారట. కాంట్రాక్టరు పటంలో చుక్క చూసుకున్నాడు, కట్టాడు, పోయాడు. ఆయన్నీ ఏమనగలను? చుక్క నాదే.

అక్కడ ఊరు ఎందుకు వదిలారో పటేల్ అప్పుడు చెప్పాడు. దరఖాస్తు పెట్టిన సంవత్సరమే వానలకు వాగు ఎర్రగా పారింది. ఊళ్లో ఐదుగురు పిల్లలు వాంతులతో పోయారు. అందులో ఇద్దరు ఆయన కొడుకులు. రోడ్డు దాకా మోసుకుపోయే లోపలే అయిపోయిందట. పత్తి రేటు చెప్పినట్టు చెప్పాడు. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని కందులు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు, తల ఎత్తలేదు.

నేను తప్పు సరిదిద్దుదామనుకున్నాను. మా ఊరు వాగు దాటి వచ్చింది అని ఒక కాగితం రాసివ్వండి, ఇక్కడికి నీళ్లు తెప్పించే పూచీ నాది అన్నాను.

పటేల్ చాచా వైపు చూశాడు. చాచా నా వైపు చూశాడు.

"మేడం, గా కాయితం రాస్తే ఫారెస్టోళ్లు వస్తరు" అన్నాడు చాచా. "వాళ్ల లెక్కల పాత జాగల ఉన్నది ఊరు. ఈడికొచ్చింది కొత్తగ అడవిల లేచిన గుడిసెలు. ఊరు కదిలిందని ఈళ్లే సంతకం పెట్టినంక ఇగ ఆపేటోడెవడు?"

అది నిజం. రికార్డులో ఊరు వాగుకు ఈవలే ఉన్నంత కాలం వాళ్లను ఎవరూ పలకరించరు. కదిలిందని రాస్తే ఇళ్లూ చేన్లూ అన్నీ ఆక్రమణ అవుతాయి. రాయకపోతే నీళ్లు లేవు. పటేల్ రాయనన్నాడు. నాకు ఆయన మీద విపరీతంగా కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపం అది, దగ్గరలో ఆయన ఉన్నాడు కాబట్టి ఆయన మీదికి పోయింది. నీళ్లు వద్దంటే మీ ఇష్టం అని విసురుగా లేచి వచ్చేశాను. జీపులో చాచా దారంతా ఏ గుంతనూ తప్పించలేదు.

మా మండలం సార్ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన మంచివాడు, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఫైలు తెరిచి నా నోట్ నాకే చూపించాడు.

"ఈ ఊరికి నీళ్లున్నయని నువ్వే రాస్తివి. నీళ్లున్న ఊరికి మళ్ల నీళ్లెట్లిస్తరమ్మా?"

"అక్కడ ఊరు లేదు సార్."

"రికార్డుల ఉన్నది గద. లేదని రాయాలంటే వాళ్లే రాయాలె. వాళ్లు రాయరు. కట్టిన ట్యాంకును ఎత్తుకపోయి అవతల పెడుదమా? ట్యాంకు నడుస్తదా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు ఆ బల్ల ముందు తెలిసింది. పైపు వేద్దామంటే వాగులో నుంచి వేయాలి, అదీ అడవి శాఖను అడగకుండా కాదు. పటేల్‌కు ఫోన్ చేసి సార్ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను, ట్యాంకు నడవదన్నది కూడా. ఫోన్లో గుట్ట మీది గాలి వినిపించింది.

"ట్యాంకు నడవదు" అన్నాడు చివరికి. "అయితే మేమే నడుస్తం."

ఎండలు ముదరకముందే, పత్తి అమ్ముడయ్యాక, ఊరు నడిచింది. నేను సెలవు పెట్టి పోయాను. ముందు దేవుణ్ని పెకిలించి, డోలు కొట్టుకుంటూ వాగు దాటించారు. వెనక వాసాలు, పెంకులు, తలుపులు, గాదెలు, కోళ్ల గంపలు ఎడ్ల బండ్ల మీద వచ్చాయి. ఒక ముసలాయన తన నులకమంచాన్ని తానే నెత్తిన పెట్టుకుని నడిచాడు, సాయం చేస్తామంటే తిట్టాడు. రెండు వారాల్లో కూలిన గోడలు మళ్లీ లేచి, వాటి మీద కప్పులు పడ్డాయి. నాలుగు నల్లాల దగ్గర ఆడవాళ్లు బారుగా నిలబడ్డారు. జిల్లా వాళ్లు అడిగిన ఫోటో తీశాను. చాలా బాగా వచ్చింది. పుస్తకంలో ఆ ఏడు మా పేజీలో అచ్చయింది. నా నోట్‌ను ఇప్పుడు వేలెత్తి చూపడానికి లేదు, పటంలో చుక్క ఉన్నచోటే ఊరుంది. నా తప్పును కొన్ని పదుల కుటుంబాలు కలిసి మోసుకుపోయి ఒప్పు చేశాయి.

ఒక్క ఇల్లు రాలేదు. పటేల్ భార్య వాగు దాటనంది.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని ఊళ్లో ముక్కు విరిచారు. పటేల్ ఊరితో ఉండకపోతే ఊరు ఊరు కాదు కాబట్టి ఆయన ఈవల ఉండాలి. ఆమె అవతల పాత ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. ఆయన రోజూ పొద్దెక్కేలోగా నల్లా దగ్గర బిందె నింపి, భుజాన పెట్టుకుని, వాగు దాటి ఆమెకు ఇచ్చి వస్తాడు. ఆ ఊళ్లో మగవాళ్లు బిందె ఎత్తరు. మొదట్లో వదినె వరస వాళ్లు, "పటేల్, జర మాకు గూడ రెండు బిందెలు పోసిపోరాదూ" అని ఆటపట్టించారట. ఆయన నవ్వి ఊరుకునేవాడట. తర్వాత వాళ్లే అనడం మానేశారు.

వానాకాలం దగ్గరికి వచ్చింది. వాగు పారితే బిందె పోదు. పైగా ఊరు ఖాళీ చేసిన జాగాలో ఒక్క గుడిసె మిగిలితే అడవి శాఖ కళ్లన్నీ దాని మీదే ఉంటాయి. ఆ ఇల్లు తీయించాలని అప్పటికే కబురు వచ్చింది. సార్ నన్ను పిలిచి, "నువ్వు ఆడమనిషివి, నువ్వు చెబితే వింటది, పోయి నచ్చజెప్పు" అన్నాడు. ఆడమనిషినన్న సంగతి ఆఫీసులో ఇట్లాంటి పనులకే గుర్తొస్తుంది. అయినా నేను పోదామనే అనుకున్నాను. వాన రాకముందే ఆమె ఇవతలికి రాకపోతే నీళ్లు లేక ఉంటుంది, లేదంటే ఇల్లు లేక ఉంటుంది. రెండింటికీ మూలం నేను పెట్టిన చుక్కే.

జీపును చాచాతో వాగు ఒడ్డున ఆపించి, ఒక్కదాన్నే నడిచాను. ఖాళీ ఊళ్లో ఆ ఒక్క ఇల్లు అలికి, ముగ్గు వేసి ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. మంచం వాల్చి, పాలు లేని చాయ కాచి ఇచ్చింది. నేను దారంతా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. వాన సంగతి, ఫారెస్టు వాళ్ల సంగతి, ఒంటరిగా పురుగూ బూచీ సంగతి. ఆమె అడ్డు చెప్పకుండా విన్నది. ఇక చెప్పడానికి ఏమీ మిగలలేదు.

"అవ్వా, ట్యాంకు అక్కడ పెట్టించింది నేనే" అన్నాను. "తప్పు నాది. వచ్చి చూడకుండ రాసిన."

"పటేల్ చెప్పిండు."

"నన్ను తిట్టు అవ్వా. కానీ అవతలికి రా. పిల్లలు పోయిన జాగ అని నీకు ఉంటది, నాకు తెలుసు."

ఆమె నా మొహంలోకి చూసింది. "జాగకేమైంది బిడ్డా? జాగకు నేనేం భయపడ. నా పోరగాండ్లు ఆడ ఉన్నరు, రోజూ పోయి కూసోమంటే కూసుంట."

"మరి?"

"గా ట్యాంకు కావాలని కాయితం రాసినప్పుడు ఇద్దరు నా పక్కనే కూసున్నరు. నీళ్లు ఎప్పుడస్తయే అవ్వా అని చిన్నోడు రోజూ అడిగి నా పానం తీసిండు. ఇగ ఆఫీసుల ఇచ్చినం గద, రేపో మాపో వస్తయ్ అని చెప్పిన. వాగు నీళ్లు తాగకుండ్రి, జర ఆగుండ్రి అని చెప్పిన. ఎన్ని దినాలు ఆగుతరు, పిలగాండ్లు?" చాయ గ్లాసు నా చేతిలో నుంచి తీసుకుని పక్కన పెట్టింది. "ఇప్పుడు ఊరు ఊరంత ఆడికి పోయి నల్లా తిప్పుతున్నరు. తిప్పంగనే వస్తున్నయట. నేను ఆ చప్పుడు ఇననీకి పోను."

ఆ దరఖాస్తును మూటలో నుంచి తీసిన రోజు నేను ఎంత గర్వపడ్డానో గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గు కూడా చిన్న మాటే.

బయట అడుగుల చప్పుడైంది. పటేల్ వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుంది. గడప లోపల బిందె దించి, నన్ను చూసి తలూపి, అరుగు మీద కూర్చున్నాడు. ఆమె లేచి, లోటా కడిగి, బిందెలో ముంచి, ఇంటికి వచ్చినదాన్ని కాబట్టి ముందు నాకు ఇచ్చింది.

తాగాను. నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి. బోరు బాగా పడింది. అంత మంచి నీళ్లు కావడమే నేను తట్టుకోలేకపోయాను, వాళ్లిద్దరి ముందే ఏడ్చాను.